పంది మీ చేలో ఉన్నా మీది కాదు

ఈ నెల ఉత్తరాలన్నీ ఒకే సంచిలోంచి తీసినట్టున్నాయి. కాశీనగర్, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం... అందరూ అడవి గురించే అడిగారు. నేను ప్లీడర్ని కాను. ఒడిశా అడవి శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడుతూ బతికినవాణ్ణి. కేసు దాకా వెళ్లినవాళ్లు ప్లీడర్ని చూసుకోండి, మిగతావాళ్లకు నాకు తెలిసింది చెబుతాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: సార్, మాది రెండెకరాల మొక్కజొన్న. పొత్తులో గింజ కట్టే టైముకి అడవిపందుల మంద దిగింది. తెల్లారి వెళ్లి చూస్తే చేను చాప పరిచినట్టు పడుకుని ఉంటోంది. పక్క చేనువాళ్లు రాత్రిళ్లు కరెంటు తీగ కడుతున్నారు, నన్నూ కట్టుకోమంటున్నారు. మాది పట్టా భూమి, దగ్గర్లో అభయారణ్యం కూడా లేదు. నా చేలోకి వచ్చిన పందిని నేను చంపుకుంటే ఎవరికి నష్టం? – కాశీనగర్

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు తమ్ముడూ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముందు జంతువు ఏదని చూస్తుంది, అది ఎవరి భూమిలో నిలబడిందన్నది ఆ తర్వాతి మాట. అభయారణ్యంలో అయితే శిక్ష పెరుగుతుంది, పట్టా భూమిలో అయితే తప్పు కాకుండా పోదు. ఈ చట్టాన్ని 2022లో సవరించారు, ఆ మార్పులు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు ఇందులో ఆరు షెడ్యూళ్లు, అంటే జీవుల జాబితాలు, ఉండేవి, ఇప్పుడు నాలుగు. మొదటి రెండు షెడ్యూళ్లలో ఉన్న ఏ జంతువునూ వేటాడకూడదు. అడవిపంది రెండోదాంట్లో ఉంది. ఇంకో సంగతి, చంపితేనే వేట అని మనవాళ్లు అనుకుంటారు గానీ చట్టంలో ఉచ్చు వేయడం, విషం పెట్టడం, ఎర పెట్టడం, తరమడం, ఏమీ పడకపోయినా పట్టడానికి ప్రయత్నించడం, పక్షుల గుడ్లూ గూళ్లూ పాడుచేయడం, ఇవన్నీ వేట కిందికే వస్తాయి. రెండో షెడ్యూల్ జంతువుకు మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మరి రైతు ఏం చేయాలి అంటావు. అదే చట్టంలో పదకొండో సెక్షన్ ఉంది. రెండో షెడ్యూల్లోని జంతువు మనిషి ప్రాణానికో ఆస్తికో ప్రమాదంగా మారితే, నిలబడి ఉన్న పంట కూడా ఆస్తి కిందే లెక్క, దాన్ని వేటాడమని రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాగితం వచ్చేసరికి పంట ఇంటికి వచ్చేస్తుందిలే సార్ అని జనం నవ్వేవారు. నేను కుర్చీలో ఉన్నప్పుడూ ఆ నవ్వు విన్నాను, పూర్తిగా తప్పని చెప్పలేను. అయినా ఒక్కడివే అర్జీ పెట్టుకునే బదులు పది మంది రైతులు సంతకాలు చేసి, పంచాయతీ చేత కూడా ఒక మాట రాయించి రేంజ్ ఆఫీసుకు ఇస్తే ఫైలు కదలడంలో తేడా ఉంటుంది, అది కళ్లారా చూశాను. నష్టపరిహారానికి కూడా అర్జీ పెట్టు. పడిపోయిన చేనును దున్నేసి తర్వాత ఆఫీసుకు వస్తే చూపించడానికి ఏమీ మిగలదు. ముందు ఫొటోలు తీయి, ఫారెస్టు గార్డును పిలిచి చూపించు, పట్టా నకలూ బ్యాంకు పాస్‌బుక్కూ జత చేసి అర్జీ ఇవ్వు, ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకో.

కరెంటు తీగ మాటకొస్తే, దయచేసి వద్దు. పందికి కట్టిన తీగ మీద తెల్లవారుజామున చెంబు పట్టుకుని వెళ్లే ముసలాయన కాలు పెడతాడు. మీకు పక్కనే ఉన్న భామిని మండలంలో 2023 మే నెలలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. అది పందుల తీగ వల్ల జరిగిందని నేను అనడం లేదు, కానీ మీ వైపు రాత్రిపూట ఏనుగులు తిరుగుతున్నాయని గుర్తుపెట్టుకో. ఏనుగు మొదటి షెడ్యూల్ జంతువు, దాని విషయంలో మూడేళ్లకు తక్కువ శిక్ష లేదు, ఏడేళ్ల దాకా పడుతుంది, పాతిక వేలకు తగ్గకుండా జరిమానా. మనిషి పోతే అది వేరే కేసు, లైను నుంచి దొంగగా కరెంటు లాగినందుకు ఇంకో కేసు. ఇంత చేసినా ఒక్క పంది చచ్చి మిగతా మంద రేపు మళ్లీ వస్తుంది. సోలార్ కంచె దీనికి పూర్తిగా వేరు, అందులో కరెంటు ఆగి ఆగి చిన్న చిన్న దెబ్బలుగా వస్తుంది, జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది గానీ చావదు. పది మంది కలిసి వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. గింజ కట్టిన ఆ మూడు వారాలూ మంచె మీద కాపలా ఉండడం పాత పద్ధతే, నిద్ర చెడుతుంది, కానీ పని చేస్తుంది. నాటు బాంబుల సంగతి నువ్వు అడగలేదు, మంచిది. పిండిలో చుట్టి పెట్టిన బాంబు కొరికి దవడ పగిలిన ఆవును ఒకసారి చూశాను, దాని గురించి ఇంకేం రాయను.

ప్రశ్న: మా తాతగారు సంస్థానం రోజుల్లో వేటకు వెళ్లేవారు. ఇంట్లో ఒక చిరుతపులి తోలు, గోడకు రెండు దుప్పి కొమ్ములు ఉన్నాయి. నాన్నగారు పోయాక ఇల్లు అమ్ముతున్నాం. అవి ఏం చేయాలి? ఒకాయన మంచి రేటు ఇస్తానంటున్నాడు. – జయపురం

అమ్మా, ఆ రేటిస్తానన్న ఆయన్ను ముందు గుమ్మం దాటించండి. అమ్మినా, కొన్నా, ఊరికే బహుమతిగా ఇచ్చినా నేరమే. ఆ తోలుకూ కొమ్ములకూ అడవి శాఖ ఇచ్చిన యాజమాన్య సర్టిఫికెట్ ఇంట్లో ఉందేమో పాత ట్రంకు పెట్టెలో, దస్తావేజుల కట్టలో వెతకండి. ఉంటే ఆ వస్తువు వారసత్వంగా మీకు రావచ్చు, వచ్చిన సంగతి అడవి శాఖకు తెలియజేయాలి. ఉంచుకోవడం ఇష్టం లేకపోతే 2022 సవరణ ఒక దారి ఇచ్చింది, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఏడు పని దినాల నోటీసు ఇచ్చి సర్టిఫికెట్ ఉన్న వస్తువును అప్పగించేయొచ్చు, డబ్బులు మాత్రం రావు.

సర్టిఫికెట్ లేకపోతేనే చిక్కు. 2003లో ప్రభుత్వం 180 రోజులు గడువు ఇచ్చి, ఎవరి దగ్గర ఏమున్నా చెప్పేయండి అంది. చాలామందికి ఆ కబురే చేరలేదు. కబురు చేరినవాళ్లలో కూడా సగం మంది, ఎవరు చూడొచ్చారులే అనుకున్నారు. ఇప్పుడు మీరు చేయగలిగిందల్లా ఒక ప్లీడర్ని వెంటబెట్టుకుని, ఇవి ఫలానా కాలం నాటివి, మా ఇంట్లో ఇలా దొరికాయి అని రాసి డీఎఫ్ఓ (డివిజన్ అటవీ అధికారి) ఆఫీసుకు మీ అంతట మీరే వెళ్లడం. ఎవరో ఫోన్ చేసి చెబితే వాళ్లు మీ ఇంటికి రావడానికీ, మీరు వాళ్ల ఆఫీసుకు వెళ్లడానికీ చాలా తేడా ఉంది, ఎందుకంటే తోలు మీ ఇంట్లో దొరికితే అది న్యాయంగా వచ్చిందేనని నిరూపించుకునే భారం మీ మీదే పడుతుంది. రాత్రికి రాత్రి తగలబెట్టేద్దామని మీ తమ్ముడు అన్నాడని రాశారు. ఆ పని అస్సలు చేయనివ్వకండి. కొమ్ములు కూడా అంతే. జింక దానంతట అది రాల్చిన కొమ్ము అయినా అమ్మకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ప్రతి చలికాలం ఫ్రెండ్స్‌తో ప్రభుత్వ అడవిలోనే జింకల వేటకు వెళ్తాడు, లైసెన్సు ఉందట. ఇక్కడ చెవులపిల్లిని పట్టినా కేసు, అక్కడ ప్రభుత్వమే పొమ్మంటోంది. ఇదేం న్యాయం? ఈసారి మేం వెళ్లినప్పుడు నన్నూ తీసుకెళ్తానంటున్నాడు, వెళ్లొచ్చా? – బరంపురం

ముందు రెండో ప్రశ్నకు జవాబు, అది తొందర పని. మీరు విజిటర్ వీసా మీద వెళ్తారు కదా. అలా వెళ్లినవాళ్లు అక్కడ తుపాకీ గానీ తూటాలు గానీ చేతపట్టడం వాళ్ల ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అక్కడి రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు మీ పేరు మీద ఉంటేనో, వేట కోసమే దేశంలోకి వచ్చినట్టయితేనో మినహాయింపు ఉంది. కాబట్టి అబ్బాయి తుపాకీ పట్టుకుని ఫొటో దిగాలన్న సరదా మానుకోండి. నారింజ రంగు జాకెట్ వేసుకుని ఊరికే పక్కన నడవండి. ఆ రంగు ఫ్యాషన్ కోసం వేసుకునేది కాదు, తుపాకీలతో జింకల వేట సాగే రోజుల్లో చాలా రాష్ట్రాల్లో తప్పనిసరి, ఒకరినొకరు జింక అనుకుని కాల్చుకోకుండా.

ఇక న్యాయం సంగతి. అక్కడ ఎవరైనా ఎక్కడైనా కాల్చేయొచ్చని మీరు అనుకుంటున్నట్టుంది. నేషనల్ పార్కుల్లో చాలావాటిలో వేట లేదు. వన్యప్రాణి శరణాలయాల్లో చాలావాటిలో వేట ఉంది, కానీ ప్రభుత్వం తెరిచిన చోటే. రాష్ట్రాల చేతిలో ఉండే వన్యప్రాణి భూముల్లో ఒక్కోదానికి ఒక్కో రూలు, ఏ వారం నుంచి ఏ వారం దాకా, విల్లుతోనా తుపాకీతోనా, మనిషికి ఎన్ని, మగదా ఆడదా, బండి ఎక్కడి దాకా వెళ్లొచ్చు, ఇవన్నీ రాసి ఉంటాయి. ముందు క్లాసుకు వెళ్లి పరీక్ష రాస్తేనే చాలా చోట్ల లైసెన్సు ఇస్తారు. నాకు నచ్చేది డబ్బు లెక్క. 1934 నుంచి బాతుల వేటకు వెళ్లేవాళ్లు ఒక స్టాంపు కొనాలి, పదహారేళ్లు దాటిన ప్రతివాడూ, ఇప్పుడు దాని ధర 25 డాలర్లు, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొంటారు. 1937 నుంచి తుపాకీల మీద, తూటాల మీద వేసిన పన్ను కూడా వన్యప్రాణులకే ఖర్చు పెడతారు. వేటగాడి జేబులోంచే అడవికి డబ్బు వస్తోందన్నమాట.

మనకూ లైసెన్సు వేట ఉండేది. 1972 చట్టంలోనే చిన్న వేటకు, పెద్ద వేటకు వేరువేరు లైసెన్సులు పెట్టారు. 1991లో ఎత్తేశారు. చట్టం వచ్చిన 1972లోనే లెక్కపెడితే దేశం మొత్తం మీద తేలిన పులులు 1,827. పులి ఒక్కటే కాదు, అది తినే దుప్పీ కణుజూ కూడా ఖాళీ అయిపోతున్నాయి. చెవులపిల్లి మీద అంత కఠినం ఎందుకని మీరు అడిగితే మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు. చిన్నప్పుడు మా ఊళ్లో నేనూ తిన్నాను. అది కూడా రెండో షెడ్యూల్లోనే ఉంది, అంతవరకు చెప్పగలను.

ప్రశ్న: చైత్ర మాసంలో మా కొండల్లో వేటకు వెళ్లడం తాతల నాటి ఆచారం. మాకు అడవి హక్కుల పట్టా కూడా ఉంది. అయినా ఫారెస్టు వాళ్లు ఆపుతున్నారు. – రాయగడ జిల్లా నుంచి ఒక యువకుడు

తమ్ముడూ, ఈ పండగ నాకు తెలుసు. సరిహద్దు ఇవతల చైత పరబ్, అవతల అరకు వైపు ఇటుకల పండగ, వట్టి చేతులతో తిరిగొచ్చిన మగాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లడం, డప్పులు, అన్నీ చూశాను. నీ పట్టా సంగతి సూటిగా చెబుతాను. 2006 అడవి హక్కుల చట్టం భూమి, ఇప్పపువ్వు, చింతపండు, తేనె, వెదురు, ఇలా చాలా వాటి మీద హక్కు ఇచ్చింది. సంప్రదాయంగా అనుభవిస్తున్న మిగతా హక్కులన్నీ కూడా ఇస్తూ, వేటాడే హక్కు తప్ప అని అందులోనే రాసింది. వన్యప్రాణి చట్టంలో ఆదివాసుల వేట హక్కుకు మినహాయింపు ఒక్కచోటే కనబడుతుంది, అది నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకు. నీకు అది నచ్చదు, నచ్చాలని నేను అడగను. కొన్ని ఊళ్లలో విల్లంబులు పట్టుకుని అడవి చుట్టి వచ్చి, చివర్లో కోడిని కోసుకుని పండగ చేసుకుంటున్నారు. మీ పెద్దలు ఏమంటారో వాళ్లతో మాట్లాడు. ఒక్క మాట, ఈ పండగ పేరు చెప్పుకుని పట్నం నుంచి తుపాకీలు వేసుకుని జీపుల్లో వచ్చేవాళ్లుంటారు, మాంసం వాళ్లది, కేసు మీది అవుతుంది. వాళ్లకు దారి చూపించకండి.

ప్రశ్న: మహేంద్రగిరి మీద ఒక రాత్రి టెంట్ వేసుకుని ఉండాలని పన్నెండు మందిమి అనుకుంటున్నాం. క్యాంప్ ఫైర్, స్పీకర్, డ్రోన్ ఉన్నాయి. పర్మిషన్ కావాలా? – పర్లాకిమిడి

స్పీకర్ ఇంట్లో పెట్టి రండి, మిగతాది మాట్లాడుకుందాం. 1,501 మీటర్ల కొండ అది, శివరాత్రికి శ్రీకాకుళం నుంచి కూడా జనం ఎక్కుతారు, పైన కుంతి గుడి, భీముడి గుడి, ధర్మరాజు గుడి. దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. రిజర్వు అడవిలో రాత్రి ఉండాలంటే అక్కడి రేంజ్ ఆఫీసులో ముందుగా అడిగి కాగితం తీసుకోండి. నిప్పు రాజేయడం రిజర్వు అడవిలో నేరం. ఫాల్గుణ చైత్ర మాసాల్లో ఎండుటాకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో అడవి పక్క ఊళ్లవాళ్లను అడగండి. డ్రోన్‌కు విడిగా అనుమతి కావాలి, లేకుండా ఎగరేస్తే డ్రోన్ అక్కడే ఉండిపోతుంది, మీరు మాత్రమే కిందికి దిగుతారు.

లఖారీ లోయ లాంటి అభయారణ్యంలోకి వెళ్తే రూలు ఇంకా గట్టిది. దాని మీదుగా పోయే పబ్లిక్ రోడ్డు మీద ప్రయాణం చేసేవాళ్లు, లోపల భూమి ఉన్నవాళ్లు, డ్యూటీలో ఉన్నవాళ్లు తప్ప మిగతా అందరికీ పర్మిట్ ఉండాలి. పర్మిట్ ఫొటోలకు, పరిశోధనకు, టూరిజానికి ఇస్తారు. ఆయుధంతో లోపలికి వెళ్లకూడదు, జంతువులను విసిగించకూడదు, చెత్త వేయకూడదు, ఇవి కేవలం బోర్డు మీద మాటలు కావు, చట్టంలో ఉన్నవే. లైసెన్సు తుపాకీ ఉండి అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కాపురం ఉంటే ఆ సంగతి కూడా అడవి శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. పర్లాకిమిడిలో చాలామందికి ఈ ముక్క తెలియదు.

ప్రశ్న: పిల్లలకు రుషికుల్య దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టడం చూపించాలని ఉంది. మా చుట్టాలు అక్కడి జాలరి పేటలోనే ఉంటారు. చేపల వేట లేక వాళ్ల ఇబ్బంది కూడా రాయండి. – బరంపురం

చూపించండమ్మా, అంతకంటే మంచి చదువు లేదు. మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో ఒడ్డుకొస్తాయి, ఒక్కో తల్లి వంద పైచిలుకు గుడ్లు పెట్టి ఇసుక కప్పి పోతుంది, ఏడెనిమిది వారాలకు పిల్లలు పైకి వస్తాయి. టార్చి వేయకండి, ఫోన్ ఫ్లాష్ అసలు వద్దు. పిల్ల తాబేలు ఎక్కడ వెలుగు ఎక్కువ కనబడితే అదే సముద్రం అనుకుని నడుస్తుంది, మీ ఫోన్ వెలుగుకు అది రోడ్డెక్కుతుంది. ఫారెస్టు వాళ్లు కట్టిన వల కంచె దాటకండి, గుడ్డు ముట్టుకోకండి, వీపు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఫొటో తీసేవాళ్లను నేను చూశాను, ఏం చెప్పాలో తెలియలేదు. ఈ తాబేలు పేరు ఆలివ్ రిడ్లే, ఇది మొదటి షెడ్యూల్ జంతువు.

మీ చుట్టాల సంగతి. నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఏడు నెలలు, రుషికుల్య మొగ దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు చేపల వేట నిషేధం. దీని మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా ఉండే మర పడవల నిషేధం వేరే. రెండూ కలిపితే ఏడాదిలో వాళ్లకు మిగిలేది ఎంతో వేళ్ల మీద లెక్క పెట్టుకోవచ్చు. ట్రాలర్ వలలో ఊపిరాడక చచ్చే తాబేళ్లకు తెప్ప మీద వెళ్లే జాలరి బాధ్యుడు కాడు. ఆ ఒడ్డున రాత్రిళ్లు తాబేళ్లకు కాపలా కాసేది కూడా అదే పేటల కుర్రాళ్లు. పరిహారం ఇచ్చే పద్ధతి ఇంకా సరిగా ఉండాలని నేను గట్టిగా అంటాను, అడవి శాఖ పెన్షన్ తింటూ కూడా.

చిన్న ప్రశ్నలు కొన్ని.

రంభ వైపు ధాబాలో చిలికా బాతు కూర పెడతామంటున్నారు, తినొచ్చా అని ఒకరు. వలస పక్షి అయితే తిన్నవాడూ ఇరుక్కుంటాడు, మాంసం దగ్గర ఉండడమే నేరం. పైగా కొన్నిటిని విషం కలిపిన గింజలు చల్లి పడతారు, ఆ విషం మీ కడుపులోకే వస్తుంది.

రోడ్డు మీద బండి గుద్ది చచ్చిన దుప్పిని ఊళ్లో పంచుకున్నారు, తప్పా అని ఇంకొకరు. తప్పే. చచ్చినా అది ప్రభుత్వ ఆస్తి, 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీసు స్టేషన్లోనో ఫారెస్టు ఆఫీసులోనో చెప్పాలి.

భేట్నోయి వైపు పొలాల్లో కృష్ణజింకలు పెసర చేను తినేస్తుంటే ఆ ఊళ్లవాళ్లు ఎందుకు ఊరుకుంటారని ఒక కుర్రాడు అడిగాడు. అవి తిరిగితే వానలు బాగా పడతాయని వాళ్ల నమ్మకం, తరాల నుంచి కాపాడుతున్నారు. అభయారణ్యం లేదు, కంచె లేదు, పొలాల్లోనే తిరుగుతుంటాయి. అక్కడ వాటికి పెద్ద బెడద ఊరకుక్కలే.

గుణుపురం నుంచి ఒకావిడ, ఇంట్లో పదేళ్లుగా పంజరంలో రామచిలుక ఉంది, అది మాట్లాడుతుంది, దాన్నీ ఇచ్చేయాలా అని రాశారు. ఇవ్వాలమ్మా, చిలుక కూడా షెడ్యూల్లో ఉంది. కిటికీ తెరిచి వదిలేయకండి, పదేళ్లు ఎగరని రెక్కలు అవి, మొదటి చెట్టు దాకా కూడా పోలేదు. రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి మీరే తీసుకొస్తున్నామని చెప్పండి, పంజరంతోనే తీసుకెళ్లండి, అది రోజూ ఏం తింటుందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.